ముందుకు జరిపిన సీటు

మా ఆయన మంచి కారు అమ్మేసి పాత కారు కొన్నాడు. ఏసీ ఉన్న కారు, తలుపులు మెత్తగా మూసుకునే కారు, ఎక్కడికి బయలుదేరితే అక్కడికి చేరే కారు పోయింది. దాని బదులు చక్రాలు కూడా లేని ఒక తెల్ల అంబాసిడర్ లారీ మీద వచ్చి, తిరుపతిలో మా ఇంటి ముందు దిగింది. తెల్లది అని ఆయన చెబితే తెలిసింది. ముందు సీటులో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి.

"సూడు, ఎంత గట్టి ఇనుమో!" అని ఆయన బానెట్ మీద చరిచాడు. చరిచిన చోట తుప్పు రాలింది. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, "పాత సామాన్ల యాపారం పెడ్తా ఉండారా అక్కా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. అంతకన్నా మర్యాదైన జవాబు నాకు తోచలేదు.

ఆయనకు పాత్రల అంగడి ఉంది. పగలంతా కొత్త గిన్నెలు అమ్మి, సాయంత్రం ఇంటికొచ్చి పాత ఇనుము తోమేవాడు. హెడ్‌లైటు చుట్టూ ఉండే రింగు కోసం చిత్తూరు, వేలూరు, మద్రాసు తిరిగాడు. అది దొరికిన రోజు ఇంటికి స్వీట్లు తెచ్చాడు. మా అమ్మాయికి పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా తేలేదు. నా పాత చీరలు గుడ్డపీలికలయ్యాయి, నా చింతపండు రేడియేటర్ ఇత్తడి మూత తోమడానికి పోయింది. నేను అరుస్తూనే ఉన్నాను. అరుస్తూనే, ఆయన అంగడికి వెళ్ళాక, షెడ్డులోకి వెళ్ళి ఆ కారులో కాసేపు కూర్చునేదాన్ని. స్టీరింగు ముందు.

దానికి కారణం ఉంది. మా నాయన శ్రీకాళహస్తిలో బాడుగ కారు తోలేవాడు. అదీ అంబాసిడరే, ఇలాంటిదే. గేరు కింద కాక స్టీరింగు పక్కన ఉండేది. పూజలకు వచ్చినవాళ్ళను స్టేషను నుంచి గుడికి, గుడి నుంచి తిరుపతికి చేరవేసేవాడు. బాడుగ లేని రోజున స్వర్ణముఖి ఒడ్డున చదునుగా ఉన్న చోటికి నన్ను తీసుకెళ్ళి స్టీరింగు చేతికిచ్చేవాడు. "క్లచ్చి తొక్కు మే. ఇవతలికి లాగు. ఇంక మెల్లిగా వదులు, మెల్లిగా!" అని అరిచేవాడు. నేను గబుక్కున వదిలేదాన్ని, కారు కుప్పిగంతు వేసి ఆగిపోయేది. కారు ముందు భాగంలో దూర్చి తిప్పే ఇనుప హ్యాండిల్‌తో మళ్ళీ స్టార్ట్ చేయడం కూడా నా చేతే చేయించేవాడు.

పెళ్ళికి ముందే లైసెన్సు తీసుకున్నాను. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి మా ఆయనకు చెప్పాను. "అట్లనా, మంచిదే," అని పేపరు తిప్పాడు. అంతే. ఆ తర్వాత స్కూటరు వచ్చింది, కార్లు వచ్చాయి, అన్ని కార్లలోనూ నా చోటు ఎడమ పక్కనే. లైసెన్సు మాత్రం గడువు దాటనివ్వలేదు. అడిగి అడిగి రెన్యువల్ చేయించుకునేదాన్ని. "రైల్లో సూపించేదానికి ఆధార్ ఉండాది కదా, ఇది దేనికి?" అనేవాడు ఆయన. దేనికో నాకు తెలుసు. నాకు బండి తోలాలని ఉండేది. అదేమంత గొప్ప కోరిక కాదు, కానీ అది నాది.

మొత్తానికి ఆ కారుకు రంగు పడింది, చక్రాలు వచ్చాయి, ఇంజను దగ్గి దగ్గి ఒకరోజు పలికింది. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా ఒక ఆదివారం చంద్రగిరి కోట దగ్గర కలుద్దామనుకున్నారు. మా ఆయన ఊరంతా చాటింపు వేశాడు. ఆ గుంపులోవాళ్ళు ఈయన్ను చాలాకాలంగా ఆటపట్టిస్తున్నారు, నీ కారు చంద్రగిరికి కూడా లారీ మీదే వస్తుందా అని. ఆ ఆదివారం దాన్ని దాని చక్రాల మీద అక్కడికి తీసుకెళ్ళకపోతే ఈయనకు తలెత్తుకునే దారి లేదు.

గురువారం పొద్దున బ్యాటరీ మొరాయించింది. ఆయన హ్యాండిల్ తీసుకుని కారు ముందు వంగాడు. నేను మెట్ల మీద కూర్చుని ఆకుకూర గిల్లుతున్నాను. చూస్తే, రోకలి పట్టుకున్నట్టు బొటనవేలు చుట్టి, పిడికిలి బిగించి పట్టుకున్నాడు. మా నాయన నాకు మొదట నేర్పింది అదే, బొటనవేలు చుట్టకూడదని. ఇంజను ఒక్కోసారి ముందుకు తిరగబోయి వెనక్కి తన్నుతుంది. వేళ్ళన్నీ ఒక్క వైపే ఉంటే హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది, బొటనవేలు చుట్టి ఉంటే చేతిని కూడా తీసుకుపోతుంది.

"బొటనేలు ఇవతలికి తియ్యి, ఎదురు తంతాది!" అన్నాను.

"నీకేం తెలుసే? నువ్వు కూర సూసుకో," అన్నాడు.

రెండోసారి తిప్పేసరికి తన్నింది. ఆయన అరుపుకు పక్కింటావిడ గోడ దగ్గరికి వచ్చేసింది.

మణికట్టు విరిగితే మా వైపు ఇంకో ఆలోచన ఉండదు, విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరే. షెడ్డులో అంత కారు పెట్టుకుని ఆటోలో బస్టాండుకు, అక్కడి నుంచి బస్సులో పుత్తూరుకు వెళ్ళాం. కట్టు కట్టేచోట వరుసలో కూర్చున్న పెద్దాయన, "ఎట్ల ఇరిగిందప్పా?" అని అడిగాడు.

"కారు," అన్నాడు మా ఆయన.

"గుద్దిందా?"

"గుద్దలేదు. స్టార్ట్ చేస్తా ఉంటే ఇరిగింది."

పెద్దాయన నా వైపు చూశాడు. నేను నిజమేనని తల ఊపాను. ఆయన పక్కవాళ్ళకు చెప్పాడు, వాళ్ళు ఆ పక్కవాళ్ళకు చెప్పారు, మా వంతు వచ్చేలోపల కట్టు కట్టేవాళ్ళ దాకా చేరింది. కట్టు కట్టేవాడు కోడిగుడ్డు తెల్లసొన, ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టు బిగిస్తూ, "కొత్త కారు కొనుక్కోరాదాప్పా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆపుకోలేకపోయాను.

తిరుగు బస్సులో మా ఆయన ఎడమ చేతి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఆయన దిగులు నొప్పి గురించి కాదు, ఆదివారం గురించి.

బ్యాటరీకి ఛార్జింగు పెట్టించాం కానీ ఆదివారం కారు తోలే మనిషి కావాలి. మెకానిక్ వాళ్ళ ఊరి జాతరకు వెళ్ళాడు. మా ఆయన చెల్లెలి కొడుకు వచ్చాడు. పెద్ద పెద్ద బండ్లు బెంగళూరుదాకా తోలే మనిషి. దర్జాగా ఎక్కి కూర్చుని, ఎడమ చెయ్యి కిందికి పోనిచ్చి, సీటు తడిమి, "మామా, గేరు యాడ?" అన్నాడు. చూపిస్తే రెండుసార్లు గరగరలాడించి దిగిపోయాడు. తర్వాత బాడుగకు పిలిచిన డ్రైవరు కిటికీలోంచే చూసి, "నా వల్ల కాదు సార్," అని దణ్ణం పెట్టాడు. శనివారం సాయంత్రానికి మా ఆయన వరండాలో కట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ను చూస్తే జాలేసింది. కానీ ఇంతమందిని పిలిచినవాడికి ఇంట్లో ఉన్న మనిషి గుర్తు రాలేదే అని కోపమూ వచ్చింది.

"నేను తోలతా," అన్నాను.

"నువ్వా?"

"నేనే. మా నాయన కారులో నేర్చుకున్నానని నీకు సెప్పినా కదా."

"ఎప్పుడు?"

"పెండ్లయిన కొత్తలో."

ఆయన నిజంగానే ఆలోచించాడు. గుర్తు లేదు. హెడ్‌లైటు రింగు ఏ ఊళ్ళో ఏ సందులో దొరికిందో చెప్పగలడు, ఇది గుర్తు లేదు. గొడవ పడదామనుకున్నాను. ఈలోగా ఆయన ఎడమ చేత్తో జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు, నేను గొడవ మరిచిపోయాను.

ఆదివారం పొద్దున కూర్చుంటే కాళ్ళు అందలేదు. ముందు సీటంతా ఒకటే పొడుగు బల్ల. దాన్ని మా ఆయన తన కాళ్ళ పొడవుకు సరిపెట్టి బోల్టులు బిగించేశాడు. వాటిని విప్పాలంటే ఇప్పుడు ఆయనకు చెయ్యి లేదు. వీపు వెనక దిండు పెట్టుకున్నాను. గేటు దగ్గర క్లచ్చి గబుక్కున వదిలాను, కారు కుప్పిగంతు వేసి కనకాంబరాల కుండీని పగలగొట్టింది. "మెల్లిగా," అన్నాడు మా ఆయన. "తెలుసు," అన్నాను. మళ్ళీ తొక్కి, ఇవతలికి లాగి, వదిలాను. ఈసారి కదిలింది. వీధి మలుపు తిరిగేసరికి చేతికి గేరు గుర్తొచ్చింది. నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది.

కూడలి దగ్గర కానిస్టేబుల్ తెల్ల అంబాసిడర్‌ను చూసి అలవాటు కొద్దీ సెల్యూట్ కొట్టాడు. దగ్గరికొచ్చాక నన్ను చూసి, ఎత్తిన చేత్తోనే తల గోక్కున్నాడు. నేను హారన్ కొట్టాను. చంద్రగిరి దారంతా లారీలవాళ్ళు పక్కకు తప్పుకుని చూశారు. మా ఆయన ప్రతి గుంతకూ కారుకు దెబ్బ తగులుతుందని మూలుగుతూనే ఉన్నాడు. నేను మాత్రం ఎంత సంతోషంగా ఉన్నానంటే, కోటలోని రాజమహల్ కనిపించినప్పుడు అప్పుడే వచ్చేసిందా అనిపించింది.

కారు ఆగగానే గుంపంతా ఆయన వైపు తలుపు దగ్గరికి వచ్చింది. "ఇరిగిన సెయ్యితోనే తోలుకొచ్చినావా? మొగోడివప్పా నువ్వు!" అని ఒకాయన భుజం తట్టాడు. నేను ఇవతలి పక్క దిండు పట్టుకుని దిగుతున్నాను, నన్నెవరూ చూడలేదు. మా ఆయన తన చేతి కట్టు వైపు చూసుకున్నాడు. ఆ మెప్పు కోసం ఆయన ఎన్నాళ్ళుగా ఎదురుచూశాడో నాకు తెలుసు. ఊరుకుంటాడేమో అనుకున్నాను.

"నేను యాడ తోలినాను?" అన్నాడు. "మా ఇంటామె తోలింది. నేను పక్కన కూసోని వచ్చినా, అంతే."

అప్పుడందరూ నా వైపు తిరిగారు. దిండు ఎక్కడ దాచాలో తెలియలేదు.

తిరిగి బయలుదేరబోతే బ్యాటరీ మళ్ళీ మొరాయించింది. నెట్టడానికి నలుగురూ చొక్కా చేతులు మడిచారు. నేను హ్యాండిల్ తీసుకుని, కొంగు దోపుకుని, బొటనవేలు వేళ్ళ పక్కనే పెట్టుకుని తిప్పాను. మా నాయన గొంతు చెవిలో వినిపించినట్టే ఉంది. ఇంజను అందుకుంది. మా ఆయన నా ముఖం చూడలేదు, నా బొటనవేలినే చూస్తున్నాడు.

కట్టు విప్పేదాకా ఎక్కడికి వెళ్ళినా నేనే తోలాను. విప్పాక ఇంక కారు ఆయనదే, నా ముచ్చట తీరింది కదా అని సర్దిచెప్పుకున్నాను. కట్టు విప్పించుకుని పుత్తూరు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున షెడ్డులో చప్పుడైతే వెళ్ళి చూశాను. మా ఆయన కారులో తలదూర్చి, ఇంకా బలం రాని చేత్తో పానా పట్టుకుని, సీటు బోల్టులు విప్పుతున్నాడు. సీటును ముందుకు లాగి, "కూసో, కాలు అందుతాదేమో సూడు," అన్నాడు. కూర్చున్నాను. అందింది. అక్కడే బిగించేశాడు.

సీటంతా ఒకటే బల్ల కదా, నాతోపాటు ఆయనా ముందుకొచ్చాడు. పక్కన కూర్చున్నప్పుడల్లా మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంటున్నాయని ఇప్పటికీ గొణుగుతాడు. సీటును మాత్రం వెనక్కి జరపడు.