సోమయ్య మాస్టర్ కోయని అంగుళం బట్ట

మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల బస్తాలు దాటి స్టీలు సామాన్ల దుకాణం పక్క సందులోకి తిరిగితే, మెట్ల కింద సోమయ్య మాస్టర్ కుట్టుమిషను ఉండేది. దుకాణమని పేరేగాని, లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి సందులో ఆగాల్సిందే. అయినా తిరుమలగిరి టీచరమ్మల్లో సగం మంది జాకెట్లు అక్కడే కుట్టించుకునేవారు. వాళ్ళలో ఒకరైన డోరా పెళ్ళి జాకెట్టు ఆయన చేతిదే. ఆమె తల్లి రోసమ్మకు కుట్టిందీ ఆయనే.

సోమయ్య మొదట ఆడవాళ్ళ దర్జీ కాడు. పద్దెనిమిదో ఏట మెదక్ వైపు నుంచి వచ్చి కంటోన్మెంటులో ఒక యూనిఫాం దుకాణంలో చేరాడు. ఇరవై రెండేళ్ళు మిలిటరీవాళ్ళ ప్యాంట్లు, కోట్లు కుట్టాడు. మనుషులు లావెక్కడం, సన్నబడటం, మళ్ళీ లావెక్కడం ఆయన టేపు చూసినంతగా ఏ డాక్టరూ చూసి ఉండడు. అందుకే ఆయనకొక పట్టింపు. ఏ బట్ట చిన్నది చెయ్యమన్నా కుట్టు లోపలికి జరిపేవాడే గాని, మిగిలిన అంగుళం బట్ట మీద కత్తెర పెట్టేవాడు కాదు.

రెండు వేల ఏడులో డోరా ఆయనతో గొడవపడింది ఆ అంగుళం గురించే.

డోరా బళ్ళో కెమిస్ట్రీ చెప్పేది. పాప కడుపులో ఉన్నప్పుడు ఆమెకు షుగర్ వచ్చింది. కాన్పయ్యాక పోయింది. "బరువు తగ్గించుకోండి. తగ్గాక మళ్ళీ పెరగనివ్వకండి. మీ అమ్మగారికీ ఉండేది కాబట్టి మీకు తిరిగి రావచ్చు," అంది డాక్టరమ్మ. రోసమ్మ ఆ షుగర్‌తోనే యాభై రెండో ఏట పోయింది. తనకు యాభై రెండొచ్చేసరికి పాపకు ఇరవై నాలుగు. ఉయ్యాల ఊపుతూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ డోరా ఆ కూడికే మళ్ళీ మళ్ళీ చేసుకునేది.

స్టాఫ్‌రూంలో సుమిత్ర టీచరు బరువు తగ్గించే పొడి డబ్బా ఒకటి చూపించింది. పొద్దున టిఫినుకు బదులు ఒక గ్లాసు, రాత్రి భోజనానికి బదులు ఒక గ్లాసు. డోరా డబ్బా వెనక అక్షరాలన్నీ చదివింది. మాయేమీ లేదు, లోపలికి పోయేది తక్కువ, అంతే. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. ఆరు జాకెట్లు సంచిలో పెట్టుకుని మోండాకు వెళ్ళింది.

"గిట్ల ఎండిపోయినవేంది బిడ్డా?" అన్నాడు సోమయ్య.

"ఎండిపోలేదు మాస్టర్, తగ్గాను. ఈసారి లోపల బట్ట వదలొద్దు, ముద్దలా ఒత్తుకుంటోంది. కోసేయండి."

"కొయ్య. ఏం తిని తగ్గినవ్?"

"తిని కాదు, తాగి."

మెట్టు మీద కూర్చుని హుక్కులు కుడుతున్న ఆయన భార్య బాలమ్మ తలెత్తింది. "మా తమ్ముడు సుత తాగే తగ్గిండు బిడ్డా. తగ్గి తగ్గి మనిషే లేకుండ పోయిండు."

డోరా నవ్వలేదు. ప్రోటీన్లు, విటమిన్లు, కేలరీలు అన్నీ విడమరిచి చెప్పింది. సోమయ్య బుద్ధిగా విన్నాడు.

"ఎన్ని దినాలు తాగాలె?"

"తగ్గేదాకా."

"తగ్గినంక?"

"మామూలు తిండే."

"మామూలంటే పాతదే గదా? పాత తిండి తింటే పాత ఒళ్ళే వస్తది గద బిడ్డా."

పిల్లలకు రోజూ పాఠం చెప్పే మనిషికి పాఠం చెప్పబోతే ఎలా ఉంటుంది? డోరాకు చురుక్కుమంది. "మీకు తెలీదు మాస్టర్, కోయండి," అంది. సోమయ్య కత్తెర అందుకున్నాడు. ఆరు జాకెట్లూ కుట్టి, లోపలి బట్ట కోసి, పీలికలు ఆమె చేతిలోనే పెట్టాడు. "నీ బట్ట, నీ మాట."

పొడి మాన్పించింది పాప. ఏడాదిన్నర పిల్ల, అన్నం ముద్ద పెట్టబోతే మొహం తిప్పేసి అమ్మ గ్లాసు వైపు చెయ్యి చాపడం మొదలుపెట్టింది. అమ్మ ఇంట్లో కంచం ముందు కూర్చోగా ఆ పిల్ల ఎప్పుడు చూసింది గనక! ఆ సాయంత్రమే డబ్బా అటకెక్కింది.

నాలుగు నెలలు ఆగిన ఆకలి మాత్రం ఒక్కసారిగా దిగివచ్చింది. స్టాఫ్‌రూంలో సమోసాలు, ఆదివారం చర్చి అయ్యాక బిర్యానీ, పాప వదిలేసిన ముద్దలు. క్రిస్మస్ నాటికి తొమ్మిది కిలోలూ తిరిగొచ్చాయి, తోడు ఇంకొకదాన్ని తెచ్చుకుని మరీ.

పండగ ముందు శనివారం, అవే ఆరు జాకెట్లతో సందులోకి వచ్చిన డోరాను బాలమ్మ చూసింది. "ఏంది టీచరమ్మా, పోయిన చుట్టం మల్ల వచ్చిండా?"

ఇంకెప్పుడైనా అయితే డోరా తిరిగి ఒకటి అనేది. ఆ రోజు సంచి ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. "మా అమ్మకొచ్చినట్టే నాకూ వస్తుంది మాస్టర్. పాప ఇంకా చిన్నది," అంది.

సోమయ్య మిషను ఆపాడు. "తిన్నవా?" అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంట. బాలమ్మ టిఫిన్ డబ్బా విప్పి ముగ్గురికీ వడ్డించింది. కంచంలో సగం బీరకాయ కూర, ఒక పక్క పాలకూర పప్పు, ఒక జొన్నరొట్టె. అది అయ్యాక గుప్పెడు అన్నం, మజ్జిగ. డోరా ఆ కంచాన్ని వింతగా చూసింది. తన కంచంలో అన్నం గుట్ట, కూర దాని అంచున నంజుకునేంత. ఇక్కడ అంతా తలకిందులు.

తింటూ సోమయ్య చెప్పాడు. "కంటోన్మెంటుల పెద్ద పెద్ద ఆఫీసర్లు డాక్టర్ పరీక్ష ఉన్నదంటే నెల దినాలు కడుపు మాడ్చుకునేటోళ్ళు. నాతాన కోటు టైట్ చేపిచ్చుకునేటోళ్ళు. పరీక్ష ఒడ్శినంక మల్ల లూజ్ చెయ్యమని నాతానికే వచ్చేటోళ్ళు. ఒక్క సుబేదారు సాబ్ మాత్రం రోజు తినేదాంట్ల ఒక్క రొట్టె తగ్గిచ్చిండు, పొద్దుమీకి నడుసుడు షురూ జేసిండు. రెండు ఇంచులు తగ్గనీకి ఏడాది పట్టింది. గాని రిటైరయ్యేదాక గదే కోటు తొడిగిండు."

తరువాత ఆరు జాకెట్లకూ చంకల కింద వేరే బట్ట అతికి ఇచ్చాడు. "ఇగ ఏడాది ఒక్కటే కొలత నిలిచేదాక నేను టైట్ చెయ్య. లూజైతే పిన్నీసు పెట్టుకో," అన్నాడు.

డోరా ఇంటికెళ్ళి అన్నం గిన్నె మార్చింది. చిన్నది తీసింది. సాయంత్రం ఏడింటికి పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరికీ ఒకే కూర, ఒకే పప్పు వడ్డించేది. "ఇది ఇల్లా, బీరపాదా?" అని మొగుడు ఆర్థర్ వారం రోజులు సణిగి, తరువాత తనూ వచ్చి కూర్చున్నాడు. బడి నుంచి వచ్చేటప్పుడు రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడిచేది. కొన్ని నెలలు బరువు చూసుకుంటే ముల్లు కదిలేది కాదు. అటక వైపు చూపు పోయేది. సుమిత్ర మాత్రం పొడి మానలేదు. తాగినన్నాళ్ళూ సన్నగానే ఉంది. ఆమెకు అది కుదిరింది. డోరా ఇంట్లోనైతే చూసి నేర్చుకునే పిల్ల ఉంది.

రెండేళ్ళలో తగ్గింది ఆరు కిలోలే. ఆ ఆరూ మూడో ఏడు కూడా తిరిగి రాలేదు.

మూడో ఏడు రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే డోరా ఇంటికి వెళ్ళలేదు, మోండా బస్సు ఎక్కింది. కాగితం చూసి సోమయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "నాకేం సమజైతది? ఏం రాసిండ్రు?"

"షుగర్ లేదు మాస్టర్."

"ఇగ రాదని రాసిండ్రా?"

"అలా ఎవరూ రాయరు. వచ్చే ఏడాది మళ్ళీ చూపించుకోమన్నారు."

"మంచిదే. రాదని రాసిస్తే రేపటి సంది మల్ల సమోసాలు షురూ జేస్తువు."

డోరా పకపకా నవ్వింది. అంతలోనే గోడ మీది గడియారం చూసి లేచింది. "వెళ్తాను మాస్టర్. పాపకు ఆకలేస్తుంటుంది."

"మరి నీకు?" అంది బాలమ్మ.

"నాకూ వేస్తోంది, బాగా," అంటూ డోరా ఉల్లిగడ్డల బస్తాల మధ్య నుంచి బస్‌స్టాపు వైపు గబగబా నడిచింది.