మోడెం కుదురుకునేదాకా

మా పెద్దలు కర్నూలు నవాబుల కొలువులో పాగా చుట్టుకుని కూర్చున్నవారు. మా తాత తాలూకా బోర్డు సభ్యుడిగా ఉన్న రోజుల్లో డోన్ మీదుగా పోయే ఏ అధికారీ మా ఇంట భోజనం చేయకుండా కదిలేవాడు కాదు. మా నాన్న కాలానికి భోజనాలు మిగిలాయి, భూములు మిగల్లేదు. మొన్న కర్నూలు సిటీ బస్సులో పక్క సీటు పెద్దాయన ఫోనులో ఎవరినో చూస్తూ మాట్లాడుతుంటే, బస్సు అంత కుదుపుతున్నా బొమ్మ ఎక్కడా నిలిచిపోలేదు. ఆయనకది వింతగా తోచలేదు. నాకు మాత్రం మా అక్క గుర్తుకొచ్చింది.

వేలెడంత మోడెంలో సిమ్ము వేసి, దాన్ని కంప్యూటరుకు తగిలించి ఇంటర్నెట్టు కోసం కాచుకున్న కాలం మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. డోన్ దగ్గరి మా ఊరికి టెలిఫోను తీగ రాలేదు. భర్త పోయి పుట్టింటికి వచ్చిన, కంప్యూటరు చదువు చదివిన అక్కా నేనూ కలిసి, పిల్లలకు హాల్‌టికెట్లు, పరీక్ష ఫలితాలు తీసిచ్చే సెంటర్ ఇంటి ముందు గదిలో తెరిచాం. మాకు అదొక్కటే ఆధారం. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ మా గడప తొక్కరాదని నేను పట్టుబట్టాను, అసలుది కొనే స్తోమతు లేదు, అందుకని కంప్యూటరును నడపడానికి ఎవరైనా ఉచితంగా, హక్కుగా వాడుకోగల లైనక్స్ పెట్టుకున్నాం. తీరా మోడెం దానితో కుదురుగా ఉండలేదు, కలిసినట్టే కలిసి తెగిపోయేది. దాన్ని నడిపే డ్రైవరు అనే ప్రోగ్రాము ఇంకా పక్వానికి రాలేదని, లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్ కొత్తది వచ్చినప్పుడు బాగుపడవచ్చని అక్క చెప్పింది. వాన మబ్బు కోసం చూసినట్టు ఎదురుచూశాం. ఒక కెర్నల్ వచ్చింది, ఇంకొకటి వచ్చింది, మోడెం తీరు మారలేదు. హాల్‌టికెట్ల కోసం జనం డోన్ బస్సెక్కసాగారు. పరీక్షల్లోగా కుదరకపోతే సెంటర్ మూయవలసిందే.

"ఏమప్పా, దొరల ఇంటర్నెట్టు ఇంకా దారిలోనే ఉండాదా?" అనేవాడు ఎదురింటి కిరాణా కొట్టు మామ.

చివరికి అక్క, మోడెం కలిసిన ఆ కాసేపట్లోనే ఆ డ్రైవరు రాస్తున్న మనిషికి ఈమెయిలు పెడతానంది. మన తాతల ముందు జనం అర్జీలు పట్టుకుని నిలబడేవాళ్లు, అలాంటిది ముక్కూమొహం తెలియనివాణ్ణి మనం యాచించడమేమిటని నేను అడ్డుపడ్డాను.

"అడుక్కోవడం యాడుండాదిరా ఈడ? ఆయన దగ్గర ఈ మోడెం లేదని ఆయనే నెట్టులో రాసినాడు. ఏమైతాండాదో నేను రాస్తా, ఆయన మార్చి పంపింది ఈడ పరీక్ష చేస్తా. ఇద్దరం పని చేస్తాండాం, అంతే" అంది అక్క, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

ఏ దేశంవాడో, పైసా ఆశించకుండా ఆయన మార్పులు పంపేవాడు. మీరు ఎవరివారని ఒక్కనాడూ అడగలేదు. అక్క వాటిని కలిపి కెర్నల్‌ను మళ్లీ తయారుచేసి, మోడెం తగిలించి, జరిగింది జరిగినట్టు రాసేది. తయారవడానికి పూటంతా పట్టేది, నడుమ కరెంటు పోతే మళ్లీ మొదటికి. విసుగన్నది ఆమె ముఖంలో నేను చూడలేదు. పరీక్షలు దగ్గరపడ్డాక ఒక ఉదయం లైను ఎక్కడా తెగకుండా హాల్‌టికెట్లన్నీ దిగాయి. కిరాణా మామ కూడా మనవరాలి కోసం మా గడప ఎక్కాడు, దొరల మాట ఎత్తలేదు. తరువాతి కెర్నల్‌లో ఆ మార్పు లోకానికంతటికీ చేరింది, పరీక్షించినవారిగా దాని పక్కన మా అక్క పేరుంది. మా వంశంలో అంత దూరం పోయిన పేరు మరొకటి లేదు.

ఇప్పుడు ఎవరూ దేనికీ కాచుకోనక్కర్లేదు. ఆ కాచుకోవడంలో దొరికిన మనుషులూ ఇప్పుడు దొరకరు. సెంటర్ చాలా ఏళ్లు నడిచింది. అది నిలదొక్కుకునేలోపు ఇల్లు గడవడానికి మేడ మీది టేకు తలుపులు, కిటికీలు ఊడదీసి డోన్‌లో అమ్మేశాం.