రాగిముద్ద పరీక్ష

ధర్మపురి కాలేజీలో చదివే మా అమ్మాయి, ఒక జర్మనీ విద్యార్థినితో ఆన్‌లైన్‌లో మాట్లాడి రెండు దేశాల ఎన్నికలను పోల్చి రాయాలి. పెద్దవాళ్లనూ అడగాలట.

"మార్కులు పోతాయి నాయనా. ఈ పొద్దు ఒక్కనాడన్నా నిజం చెప్పు" అని బతిమాలింది.

వీడియో కాల్‌లో ఆ జర్మనీ అమ్మాయితో నిజంతోనే మొదలుపెట్టాను. నోరు ఊరుకోలేదు. మా ఊరు పిక్కిలికి ఓట్లకొచ్చిన అభ్యర్థి ఇంటింటా ఒక రాగిముద్ద నమలకుండా మింగాలనీ, దగ్గితే డిపాజిట్ గల్లంతేననీ నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మా అమ్మాయి తల పట్టుకుంది.

జర్మనీ అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. "మా ఊళ్లో అభ్యర్థి బీరు ఒక్క గుక్కలో తాగాలి. మీసానికి నురగ అంటితే ఓటమే. మా నాన్న చెప్పాడు" అంది.

ఆమె వెనక సోఫాలో నా వయసాయన పేపరు చాటున భుజాలు అదిరేలా నవ్వుతున్నాడు.

"ఇప్పుడు నేనేం రాసేది నాయనా?"

"అక్కడా ఇక్కడా నాయనలు ఒకటేనని రాయమ్మా. అది నిజమే" అన్నాను.