గంజి పెట్టని బట్ట

కరెంటు పారలేదన్న వార్త నాకు మొదట తెచ్చింది మా వదిన. ఆదోని నుంచి బస్సులో వచ్చి, నీళ్లైనా తాగకుండా చెప్పింది. మా పాప ఆమె ఇంట్లోనే ఉండి అక్కడి కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తోంది. గ్రాఫైటును పొరలు పొరలుగా విడదీసి నీళ్లలో కలుపుతుంది. ఆ నల్లనీళ్లను నూలుబట్ట మీద పోసి వడగడితే, కంటికి ఆనని రేకులు ఒకదాని మీదొకటి పరుచుకుని పల్చని పూత అవుతాయి. రేకూ రేకూ తగిలితేనే కరెంటు పారేది. ఇంకోసారి తప్పితే ఈ పని వదిలెయ్యమన్నాడంట వాళ్ల గైడు.

ఆ బట్ట నేసింది మా నాయన. ఎమ్మిగనూరులో మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. నేను బడి మొహం చూడలేదు.

"గంజి వద్దు తాతా అని సెప్పినా గదా అని పాప ఒకటే ఏడుస్తాంది మామా," అనింది వదిన.

నాయన మగ్గం ఆపినాడు. "రోంత, పలచగానే పెట్టినా. గంజి లేని బట్ట మనిషి చేతికి ఎట్లిచ్చేది?"

"మనిషికి గాదు, మిషన్‌కి."

"మిషన్ అయితే మాత్రం? పేలిక అనుకుంటాది."

వదిన నవ్వింది. నాకు నవ్వూ రాలేదు, దిగులూ రాలేదు. గంజి రేకుల మధ్య చేరి వాటిని తగలనీయలేదని పాప తర్వాత చెప్పింది.

నాయన మళ్లీ నేసినాడు. పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి లేకుంటే మగ్గం మీద తెగుతాయి. అందుకని గంజితోనే నేసి, ఆ గంజి పోయేదాకా బట్టను వేడినీళ్లలో ఉడికించి, జాడించి, మళ్లీ ఉడికించినాడు. ఆఖరికి అది ఆయన చేతిలో జీవం లేనట్టు వేలాడింది. మడతపెట్టి నాకిస్తూ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇది నేను నేసినానని యాడా సెప్పొద్దమ్మా."

నేను బట్ట ఆదోనిలో పాపకిచ్చి వచ్చిన వారంలోనే నాయన నిద్రలో పోయినాడు. కర్మలు అయినాక పాప ల్యాబు నుంచి ఫోన్ చేసింది. "పారిందమ్మా," అనింది. పోయి దేవుని ముందు దీపం పెట్టినాను. స్వామీ, నీ దయ అని దండం పెట్టినాను. లోపల మాత్రం ఏదీ కదల్లేదు.

పాప రాసే పరిశోధన వ్యాసంలో 'నూలుబట్ట' అని మాత్రమే ఉంటుంది. ఆయన వద్దన్నాడు కాబట్టి నేనూ పేరు రాయడం లేదు. ఇది చదివినవాళ్లు దేవునికి చేతులెత్తే వేళ, మనవరాలి కోసం మనసొప్పని బట్ట నేసిచ్చిన ఆ ముసలాయన్ను ఒక్కసారి తలుచుకోండి.