వేలికీ వేలికీ మధ్య గుడ్డ

బెల్లంపల్లిలో నేను బడిపంతులుగా చేరిన తొలి ఏడాది, నా భార్య గంజి వారుస్తుంటే గిన్నె జారింది. మరిగే గంజి ఆమె కుడిచేతి మీద పడింది. గోలెంలోని చన్నీళ్లు పోయబోతే ఇరుగుపొరుగు ఆడవాళ్లు అడ్డుపడ్డారు. కాలినచోట నీళ్లు తగిలితే బొబ్బలెక్కుతాయట. ఏ శాస్త్రంలో ఉందని నేను వాదనకు దిగాను.

"పంతులూ, మీటింగు తర్వాత పెట్టుకో. చెయ్యి మండుతుంది" అంటూ ఆమె తానే పోయి చేతిని గోలెంలో ముంచింది.

దవాఖానలో డాక్టరు కట్టు కట్టి, మార్చే పద్ధతి నాకు చూపించాడు. మరిగించి ఆరబెట్టిన గుడ్డపేలికలు వేలికీ వేలికీ మధ్య పెట్టాలి. లేకుంటే పచ్చితోలు అతుక్కుని చెయ్యి విచ్చుకోదు. కానీ చెయ్యి కాలిన ఆడపిల్లను పుట్టింట్లో సాకడం మా అత్తగారింటి ఆనవాయితీ. మా అత్త వచ్చి కరీంనగర్ పక్కన వాళ్ల ఊరికి తీసుకుపోయింది.

బడి వదిలాక నాకు ఇంటికి పోవాలనిపించేది కాదు. ఆమె ఎత్తిపొడుపుల కోసం చెవి కోసుకునేవాణ్ణి.

ఆదివారం పోయి చూస్తే, వేళ్లన్నీ కలిపి ఒకటే మూటగా కట్టి ఉన్నాయి. సందుల్లో గుడ్డ పెట్టబోతే బిడ్డ ఏడ్చిందట, తల్లికి చేతులు రాలేదట. నేను విప్పి కడతానన్నాను.

"పెద్దోళ్ల ముంగట పెండ్లాం చెయ్యి పడ్తవా అల్లుడా? వాడకట్టు నవ్వదా?"

"నవ్వనీ అత్తా! చెయ్యి పోయినంక వాడకట్టొచ్చి వండిపెడ్తదా?"

సిగ్గు పేరుతో ఆడదాని అవయవాలను బలిపెట్టే సంఘం మీద నా ఉపన్యాసం వాకిలి దాటింది. అత్త దానికి లొంగలేదు. బిడ్డ ముఖం చూసి లొంగింది. చేట అందుకుని, మాకు వీపు పెట్టి కూర్చుని బియ్యం చెరగసాగింది.

"నేను చూస్తలేను. జల్ది కానియ్యుండ్రి."

కాచి చల్లార్చిన నీళ్లతో కట్టు నానబెట్టి మెల్లగా విప్పాను. చూపుడువేలు, నడిమివేలు అప్పుడే అంటుకోబోతున్నాయి. ఆమె కొంగు పళ్ల మధ్య బిగించింది.

"నొస్తుందా?"

"నొస్తుంది. ఇడువకు."

సెలవు పెట్టి అక్కడే ఉండిపోయాను. రోజూ చేట చప్పుడు, నా ఒళ్లో ఆమె చెయ్యి. పట్టపగలు, నలుగురు తిరిగే ఇంట్లో అంతసేపు ఆమె చెయ్యి పట్టుకోవడం మా కాపురంలో అదే మొదలు. వేళ్లు విడివిడిగా మానాయి. ఒకనాడు నా ఒళ్లోనే పిడికిలి బిగించి, విప్పి, చూడమని తల్లిని పిలిచింది. అప్పుడు అత్త మా వైపు తిరిగి కూర్చుంది. నేను చెయ్యి వదిలేశాను.

ఆమె పోయి చాలా కాలమైంది. ఆత్మనూ పైలోకాన్నీ నేను నమ్మను. ఎక్కడో నాకోసం చూస్తోందని చెప్పుకుని తృప్తిపడే దారి నాకు లేదు. నాకు కావలసింది ఆ చెయ్యి, ఆ విడివిడి వేళ్లు. అవి ఎక్కడా లేవు.