నూనె చెయ్యి, అడ్డులేని కత్తి

ఆ రోజు నొప్పి పెద్దగా లేదు. అదే నన్ను మోసం చేసింది.

కొత్తపేటలో మా పెరట్లో పొట్టుకూరకి పనసకాయ కోస్తున్నాను. బంక అంటకుండా చేతులకీ, కత్తిపిడికీ నూనె రాసుకోవడం మా వైపు అలవాటు. మొన దించి బలంగా నెట్టాను. లోపలి గట్టి కాడకి తగిలి కత్తి ఆగింది. నా చెయ్యి ఆగలేదు. పిడి మీంచి జారి అంచు మీదికి పోయింది.

తెగిన చూపుడువేలికి ఊళ్ళో డాక్టరుగారు నాలుగు కుట్లు వేశారు. అవి విప్పిన రోజు పెన్ను పట్టుకోబోతే ఆ వేలు వంగలేదు. నలభై ఏళ్ళుగా మూఢనమ్మకాల మీద చేత్తో వ్యాసాలు రాస్తున్నవాణ్ణి. భయం అప్పుడు వేసింది.

పలకరించడానికి మా వదినగారు వచ్చారు. “అమావాస్య పూట కత్తి పట్టేరు. తెగదా మరి, మరిదిగారూ?”

“అదే పూట మీరూ బెండకాయలు తరిగేరు కదండీ! మీ వేళ్ళు బానే ఉన్నాయే.”

“ఆయ్, మేం మీలా దేవుడితో తగువు పెట్టుకోం కదండీ.”

రాజమండ్రిలో సర్జన్ గారు వేలు పట్టి చూశారు. “పైన చర్మం అతుక్కుంది. లోపల వేలిని వంచే తాడులాంటిది, ఫ్లెక్సర్ టెండన్, తెగిపోయింది. సర్జరీ చెయ్యాలి. మీ కత్తికి పిడి దగ్గర అడ్డు లేదా?”

“లేదండీ. ఇరవై ఏళ్ళుగా అదే కత్తి. ఎప్పుడూ ఏమీ కాలేదు.”

అన్నాక సిగ్గేసింది. సభల్లో తాయెత్తు కట్టుకున్నవాళ్ళు నాకు చెప్పే జవాబు అదే. దాన్ని ఎన్నిసార్లు చీల్చి చెండాడానో! నా చేతిలో కత్తిని మాత్రం ఒక్కసారీ ప్రశ్నించలేదు.

సర్జరీ తర్వాత, వేలు కదలకుండా కట్టిన స్ప్లింట్ ఆరు వారాలు తియ్యొద్దన్నారు. నాలుగో వారంలో స్నానానికి విప్పి, చెంబు ఎత్తాను. లోపల టప్పుమంది. మళ్ళీ ఆపరేషన్. “వేలు మీదే గానీ, గడువు మాదండీ” అని ఫిజియోథెరపీ అమ్మాయి గట్టిగానే మందలించింది.

ఇప్పుడు వేలు ముప్పాతిక వంతు వంగుతుంది. ఇది నా చేత్తోనే రాస్తున్నాను, మెల్లగా.

మొనతో పొడిచి నెట్టే కత్తి కొనేటప్పుడు, పిడికీ అంచుకీ మధ్య చెయ్యి జారకుండా ఆపే అడ్డు ఉందో లేదో చూడండి. లేకపోతే కమ్మరి చేత పెట్టించండి. నేను అడిగితే మా కమ్మరి, “అందం పోద్దండీ” అన్నాడు. పోనిమ్మన్నాను.

మొన్న వదినగారు ఆ కత్తి కోసం వచ్చారు.

“ఇవాళ అమావాస్య కదండీ?” అన్నాను.

“ఆయ్. అడ్డుంది కదండీ” అని పట్టుకెళ్ళారు.