కంప్రెసర్ నోట్లో అక్షింతలు

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టాలంటే జుట్టు నెరిసి ఉండాలంటారు. నాకు ఇప్పటికి మూడు వెంట్రుకలే నెరిశాయి. వాటి పరపతి మీదే ఈ సంగతి చెబుతున్నాను.

మేం జవహర్‌నగర్‌లో ఉండేవాళ్లం. మా ఇంటికి రావడానికి చిరునామా అక్కర్లేదు, వాసన పట్టుకుని వస్తే చాలు. నగరమంతటి చెత్త మా దగ్గరికే చేరేది. ఎండాకాలం ఆ గుట్ట ఏదో ఒక మూల రగులుతూనే ఉండేది. ఆ పొగ మా అవ్వ ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. పదిహేను రోజులకోసారి ఆమెను మేడ్చల్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దారేమో గుట్ట పక్కనుంచే. మా నాయిన టాక్సీ నడిపేవాడు కాబట్టి, అద్దాలు ఎత్తి, ఏసీ వేసి అవ్వను ఆ దారి దాటించేవాడు. అద్దం దిగిందంటే ఆమెకు ఊపిరి అందేది కాదు.

ఆ మే నెలలో కారు ఏసీ కంప్రెసర్ బిగుసుకుపోయింది. అంతకు వారం ముందే నాయిన విసుగులో అవ్వను ఒక మాటన్నాడు, "నిన్ను దిప్పుడే నా డ్యూటీ అయింది" అని. ఆనాటి నుంచి అవ్వ సగం అన్నమే తింటోంది. ఆసుపత్రికి రానని కూడా మొదలుపెట్టింది. నవ్వులు విరిసే ఇల్లు కాదు మాది. ఆ వారం మరీను.

షాపువాళ్లు పాత గ్యాసు తీసేసి, కొత్త కంప్రెసర్ బిగించడానికి నాలుగు రోజులు ఆగమన్నారు. అవ్వ వెళ్లాల్సింది సోమవారం. మా పక్కింటి మామ జీడిమెట్లలో ఫిట్టరు. ఆదివారం చర్చి అయ్యాక ఇంటి దగ్గరే బిగిద్దామన్నాడు. శనివారమే వచ్చి, నాయిన కొనితెచ్చిన కొత్తదాని రెండు నోళ్ల మూతలూ తీసి చూసి, మళ్లీ పెట్టాడు. "ఇగ దీన్ని ఎవ్వరు ముట్టొద్దు. లోపల ఇసుమంత దుమ్ము వడ్డా ఖతం" అని చెప్పి వెళ్లాడు.

మా ఇంట్లో కొత్త వస్తువు బొట్టు లేకుండా పనిలోకి దిగదు. మిక్సీకి పెట్టాం, బకెట్టుకూ పెట్టాం. ఆదివారం పొద్దున నాయిన పైపుల్లో గాలి లాగే మిషను అడిగి తేవడానికి వెళ్లగానే, అవ్వ తానం చేసి పసుపు, కుంకుమ, అక్షింతలు పట్టుకుని వచ్చింది. బొట్టు పెట్టింది. అంతటితో ఆగితే నాకిక్కడ రాయడానికేమీ ఉండేది కాదు.

"మూతి మూసుంటే దేవుడు లోపటికి ఎట్ల వోతడు? తియ్యి బిడ్డా."

నేను తీశాను. చిటికెడు అక్షింతలు లోపలికి పోయాయి. దేవుడు కూడా వెళ్లాడనే అనుకుని మూత పెట్టేశాను.

మామ వచ్చి చర్చి చొక్కా విప్పి, పాత చొక్కా తొడుక్కుని, పాత కంప్రెసర్ దించాడు. కొత్తదాని మూత తీయగానే అంచుకు ఒక పసుపు గింజ. అరచేతిలోకి వంచితే ఇంకో రెండు. ఆయన నా వైపు చూశాడు. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ గడప మీద కూర్చుని, ఎగశ్వాసతోనే, ఆ ఇనుప ముద్దకు దండం పెడుతోంది.

అంతలో నాయిన మిషను పట్టుకుని వచ్చాడు. మామ గుప్పిట మూశాడు.

"బావా, తప్పయింది. నిన్న మూత నేనే సరిగ వెట్టలే. లోపల కచరా వడ్డది."

నాయిన గొంతు గుట్ట దాకా వినబడి ఉంటుంది. "ఇన్నేండ్ల సంది ఫిట్టరువి, ఒక్క మూత వెట్టరాదా? రేపు మా అమ్మకేమన్న అయితే ఎవడు జిమ్మేదార్?" మామ రెంచి తుడుచుకుంటూ అన్నీ విన్నాడు. తరువాత నన్ను పిలిచి మెల్లగా అడిగాడు.

"ఎన్ని గింజలు ఏసింది?"

"చిటికెడు."

"చిటికెడంటే లెక్కనా బిడ్డా!"

లోపలి నూనె అంతా వంచేశాడు. కొత్త నూనె పోసి, చేత్తో తిప్పి, తెల్లటి చేతిరుమాలు మీదకు వంచాడు. మళ్లీ పోశాడు. మళ్లీ వంచాడు. అది ఆయన చర్చికి తీసుకెళ్లే రుమాలు. దాని మీద గింజ గానీ పసుపు గానీ కనబడనంత వరకూ ఆయన అన్నానికి లేవలేదు. గ్యాసు నింపాక, సాయంత్రానికి చల్లగాలి వచ్చింది. నాయిన మాత్రం ఆయనతో ముభావంగానే ఉన్నాడు.

సోమవారం కారు గుట్ట పక్కకు చేరింది. అద్దాల బయట పొగ, లోపల చలి. అవ్వ గాలికి చెయ్యి అడ్డం పెట్టి మురిసిపోయింది.

"సల్లగుంది కొడుకా. నా అక్షింతలు పనిజేసినయ్. దాని నోట్లనే ఏసిన."

వెనక సీట్లో నాకు ఊపిరి ఆడలేదు. ఆ కారులో ఆ ఇబ్బంది అవ్వకు మాత్రమే ఉండాలి నిజానికి. నాయిన మెడ ఎర్రబడింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. చాలాదూరం పోయాక ఏసీ ఇంకొంచెం పెంచాడు.

"అవునే అమ్మా. మస్తు పనిజేసినయ్."

క్షమాపణ చెప్పడం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఆ సాయంత్రం నాయిన బోటి కూర గిన్నె పట్టుకుని మామ ఇంటికి వెళ్లి, ఫ్యాన్ బెల్టు గురించి గంటసేపు మాట్లాడి వచ్చాడు.

అవ్వ ఆ వానాకాలం దాటలేదు. ఏసీ ఆమెను బతికించలేదు, కొన్నిసార్లు ఆ దారి దాటించింది, అంతే. కంప్రెసర్ మాత్రం కారు అమ్మేసేదాకా ఒక్కసారీ మొరాయించలేదు. చివరిదాకా తన అక్షింతలు పనిచేస్తున్నాయనే అవ్వ నమ్మింది. కాదని చెప్పగలిగిన ముగ్గురమూ నోరు మూసుకున్నాం.

ఇప్పటికీ ఏదైనా చెడిపోయినప్పుడు "ఎవరు చేశారు?" అని నోటిదాకా వస్తుంది. అప్పుడు గుప్పిట మూసుకుని, గడప మీద ఎవరైనా కూర్చున్నారేమో చూస్తాను. ఇన్నేళ్లలో అలా చూడటం నాలుగైదు సార్లే కుదిరింది. మిగతా అన్నిసార్లూ ముందు అరిచి, తరువాత బోటి కూర వండాను.